జానెడు నేల, ఎడమ పేజీ: పత్తికొండ వైపు ఒక తొమ్మిదో తరగతితో వర్ణన రాయించిన ఏడాది

నేను హైస్కూల్లో తెలుగు చెబుతాను. కర్నూలు జిల్లాలో పత్తికొండ నుంచి తుగ్గలి, జొన్నగిరి వైపు పోయే ఎర్రనేలల్లో మా బడి. తొమ్మిదో తరగతిలో 41 మంది. ఆ పిల్లలతో వర్ణన రాయించడానికి ఒక ఏడాది పాటు ఏం చేశానో, అందులో ఏది పనిచేసిందో, ఎక్కడ తప్పు చేశానో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. తెలుగు చెప్పేవాళ్ళకి పనికొస్తే వాడుకోండి, మీ ఊరికి తగ్గట్టు మార్చుకోండి.

జూన్ మూడో వారంలో "వర్షాకాలం" మీద ఒక పేజీ రాయమన్నాను. పేపర్లు ఇంటికి తెచ్చుకుని దిద్దుతూ పదో పేపరు దగ్గర పెన్ను పక్కన పెట్టేశాను. ఆకాశం మేఘావృతమైంది. చల్లని గాలులు వీచాయి. సెలయేళ్ళు గలగల పారాయి. కప్పలు బెకబెకమన్నాయి. రైతుల ముఖాలు ఆనందంతో వికసించాయి. 41 పేపర్లలో 33 పేపర్లలో కప్పలు ఉన్నాయి, కూర్చుని లెక్కపెట్టాను. మా ఊరి చుట్టుపక్కల సెలయేరు అన్నదే లేదు. ఆ రోజుకి మాకు ఒక్క వాన కూడా పడలేదు. పొద్దున బోరు దగ్గర బిందెలు వరసలో పెట్టి నీళ్ళు పట్టి వచ్చిన పిల్లలు, బడిలో కూర్చుని సెలయేళ్ళ గురించి రాశారు.

ఇందులో పిల్లల తప్పేమీ లేదు. గైడులో అట్లా ఉంది, కింది తరగతుల్లో అట్లా రాస్తేనే మార్కులు పడ్డాయి. నా తప్పు మాత్రం ఉంది. నేను పుట్టింది నంద్యాల దగ్గర, కె.సి. (కర్నూలు-కడప) కాలువ కింద వరి పండే ఊళ్ళో. ప్రకృతి అనగానే నా కళ్ళ ముందు కూడా వరిమడీ కాలువగట్టే మెదులుతాయి. ఇక్కడికి బదిలీ మీద వచ్చిన కొత్తలో "ఇక్కడ చూడ్డానికి ఏముంది, రాళ్ళూ తుమ్మచెట్లూ తప్ప" అని మా ఇంట్లో అన్నాను. టీచరే ఏమీ లేదనుకుంటే పిల్లలు ఏం చూస్తారు?

ఐదు గళ్ళ పట్టిక, అది ఎందుకు పారలేదు

మొదట అందరూ చేసేదే చేశాను. పిల్లల్ని బడి ఆవరణలో వేపచెట్టు కింద కూర్చోబెట్టి, నోట్సులో ఐదు గళ్ళు గీయించి, కన్ను, చెవి, ముక్కు, నాలుక, చర్మం అని రాయించి, ఇరవై నిమిషాల్లో నింపమన్నాను. వచ్చినవి ఇవి. కన్ను: చెట్టు. చెవి: కాకి. ముక్కు: వాసన. చర్మం: గాలి. నాలుక: ఏమీ లేదు. ఒకరిది చూసి ఒకరు రాసుకోవడంతో కాకి దాదాపు అందరికీ వచ్చింది.

అదే రోజు ఇంకోటి జరిగింది. నాలుక గడి ఖాళీగా ఉంచకూడదనుకున్న ఒక అబ్బాయి గోడ పక్కన ఉన్న జిల్లేడు ఆకు తుంచి, ఆ పాలు వేలికి అంటించుకుని నోటి దగ్గరికి తీసుకుపోయాడు. పక్కనున్న అమ్మాయి చెయ్యి పట్టి లాగింది కాబట్టి సరిపోయింది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. జిల్లేడు, గన్నేరు, ఉమ్మెత్త బడి చుట్టూ ఉన్న చోట "రుచి చూసి రాయండి" అనే మాట టీచరు నోటి నుంచి రాకూడదు. అప్పటి నుంచి రుచి అంటే ఇంట్లో తినేవే: చింతచిగురు, రేగుపండు, జొన్నరొట్టె మాడిన అంచు. మీలో ఎవరైనా ఈ పద్ధతి మొదలుపెడితే ముందు ఆవరణ అంతా ఒకసారి తిరిగి ఏయే మొక్కలున్నాయో చూసుకోండి.

పట్టిక ఎందుకు పనిచేయలేదో ఇప్పుడు తెలుస్తోంది. ఐదూ ఒకేసారి అడిగాను. పిల్లవాడు గడి నింపే పనిలో పడ్డాడు, చూసే పని పక్కకి పోయింది. పైగా చెట్టు మొత్తాన్ని చూపించాను. అంత పెద్దదాన్ని చూసినవాడు "చెట్టు" అనే రాస్తాడు, ఇంకేం రాస్తాడు?

వజ్రాలు వెతికే పిల్లలు నేర్పింది

జూన్ చివర్లో మంచి వాన పడింది. మర్నాడు క్లాసులో సగం మంది లేరు. ఈ వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు, కానీ దూరంగా ఉన్నవాళ్ళ కోసం చెబుతున్నాను. తొలకరికి పైమట్టి కొట్టుకుపోతే జొన్నగిరి, తుగ్గలి, మద్దికెర పొలాల్లో వజ్రాలు బయటపడతాయి. వేరే జిల్లాల నుంచి, కర్ణాటక నుంచి, తెలంగాణ నుంచి కూడా జనం వచ్చి చెట్ల కింద వండుకుంటూ రోజుల తరబడి వెతుకుతారు. మా పిల్లలూ అమ్మానాన్నలతో పోతారు.

మూడో రోజు వాళ్ళు తిరిగి వచ్చాక కోప్పడకుండా, ఎట్లా వెతుకుతారో చెప్పమన్నాను. ఎప్పుడూ నోరు విప్పని చివరి బెంచీ అబ్బాయి లేచి చెప్పాడు: "నిలబడి చూస్తే ఏం కనపడదు మేడం. వంగి చూడాల. పొద్దుకి ఎదురుగా పోవాల, అప్పుడే తళుక్కుమంటాది. ఒక జాగా పట్టుకున్నాక అది అయిపోయేదాకా ఇంగొక దానికి పోగూడదు."

నేను బి.ఇడి.లో చదివిన దానికంటే, ట్రైనింగుల్లో విన్నదానికంటే ఎక్కువ ఈ నాలుగు వాక్యాల్లో ఉంది. మర్నాడే పట్టిక తీసేశాను. ఒక్కొక్కరికి జానెడు నేల. చేత్తో కొలుచుకుని చుట్టూ నాలుగు రాళ్ళు పెట్టుకోవాలి, పదిహేను నిమిషాలు వంగి చూడాలి, చూసేటప్పుడు రాయకూడదు. రాయడం క్లాసులోకి వచ్చాకే.

అది ఆరుద్ర కార్తె. వాన పడిన ఎర్రమట్టిలో ఆరుద్ర పురుగులు బయటికి వచ్చి ఉన్నాయి. ఎనిమిదో తొమ్మిదో మంది వాటి గురించే రాశారు. ఒక అమ్మాయి "ఎర్రగా ఉంది, మెత్తగా ఉంది" అని రాసింది. నేను దిద్దలేదు. "ఏ ఎరుపు?" అని మాత్రం అడిగాను. కుంకుమా? కాదు. ఎండుమిరపకాయా? కాదు. మట్టి ఎరుపా? అసలు కాదు, మట్టి మీద ఉంది కాబట్టే కనపడింది. రెండు నిమిషాలు ఆలోచించి చెప్పింది: "పీర్ల పండగకి పీరుకి కట్టే ముఖమల్ గుడ్డ మేడం. దాన్ని వేలితో ఒకవైపుకి రుద్దితే రంగు మారతాది కదా, అట్ల." తర్వాత ఆమె రాసిన వాక్యం ఇది: "ముట్టుకుంటే ఎనిమిది కాళ్ళూ లోపలికి ముడుచుకుని, పీరు గుడ్డలోంచి రాలిన ముక్క మాదిరి కదలకుండా పడింది. నేను ఊపిరి బిగబట్టినాక మళ్ళా నడిచింది."

కాళ్ళు ఎనిమిదని ఆమె లెక్కపెట్టింది. పురుగు అంటాం కానీ నిజానికి అది సాలీడుకి చుట్టం, మంచాల్లో ఉండే నల్లి కాదు, పైర్లకి పట్టే ఎర్రనల్లి లాంటి జాతి. ఆ సంగతి మా సైన్సు మాస్టారు చెప్పేలోపే ఆమె కాళ్ళ లెక్క నోట్సులో ఉంది.

ఆ రోజు ఇంకో ప్రశ్న వచ్చింది, మట్టికి ఆ వాసన ఎందుకొస్తుందని. సైన్సు మాస్టారినే క్లాసుకి పిలిచాను. మట్టిలో ఉండే స్ట్రెప్టోమైసిస్ అనే సూక్ష్మజీవులు జియోస్మిన్ అనే పదార్థాన్ని తయారుచేస్తాయని, లక్ష కోట్ల పాళ్ళలో కొద్ది పాళ్ళు ఉన్నా మన ముక్కు పట్టేస్తుందని, ఎండిన నేల మీద వాన పడితే వచ్చే ఆ వాసనకి 1964లో ఇద్దరు ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు పెట్రికోర్ అని పేరు పెట్టారని చెప్పారు. పిల్లలకి అన్నిటికంటే నచ్చింది ముక్కు సంగతి. మన ముక్కు అంత గట్టిదా అని ఆ వారమంతా కనపడినదల్లా వాసన చూశారు. గొర్రెల దొడ్డి, కిరసనాయిలు సీసా, కొత్త పుస్తకం, అవ్వ చీర కొంగు. వాసన గురించి "బాగుంది, బాగాలేదు" అనే రెండు మాటలు దాటి రాసిన వాక్యాలు నాకు మొదటిసారి కనపడింది ఆ వారంలోనే.

స్వభావోక్తి

తెలుగు టీచర్లకి తెలుసు, అలంకారాల్లో స్వభావోక్తి చెబుతాం. ఉన్నది ఉన్నట్టుగా, మనసుకి హత్తుకునేలా వర్ణించడం. ఉదాహరణకి బెదురు చూపుల లేళ్ళు, చెవులు నిగిడ్చి చెంగుచెంగున గెంతడం. పిల్లలు లక్షణం, లక్ష్యం కంఠతా పడతారు, పరీక్షలో రాస్తారు, మరిచిపోతారు. ఆ ఉదాహరణ బోర్డు మీద రాస్తున్నప్పుడు వెనక నుంచి ఒకడు "మేడం, లేళ్ళంటే మా చేన్ల మీద పడే జింకలేనా?" అన్నాడు. చేతిలో చాక్‌పీస్ అట్లాగే ఉండిపోయింది. ఆలూరు, ఆస్పరి, దేవనకొండ నుంచి మా వైపు దాకా కృష్ణజింకలు పంటల మీద పడతాయని, రైతులు రాత్రిళ్ళు కాపలా కాస్తారని నాకు తెలుసు. పుస్తకంలోని లేడీ ఆ జింకా ఒకటేనని నేను ఒక్కసారి కూడా కలిపి చెప్పలేదు.

ఆ అబ్బాయి రాసుకొచ్చింది ఇక్కడ పెడుతున్నాను, అక్షరదోషాలు మాత్రమే సరిచేశాను:

"బుడ్డల చేన్లో అయిదు జింకలు ఉండాయి. మగదాని కొమ్ములు తాడు పురి తిప్పినట్ల ఉండాయి. నేను రాయి కోసం వంగినా. అన్నీ ఒకేసారి తలలు ఎత్తినాయి. నమిలేది ఆపినాయి. ఒక దాని మూతికి ఆకు ఏలాడతాంది. నేను కదల్లేదు, అవీ కదల్లేదు. మా నాయన అరిచినాడు. అప్పుడు ఎగిరినాయి. నాకు రాయి ఇసరబుద్ధి కాలేదు, కానీ మాకు నష్టం."

ఆ చివరి వాక్యం చూడండి. అందం, నష్టం రెండూ ఒకే చోట పెట్టాడు. ఏ గైడూ నేర్పదు ఇది. పోయినవారం పాఠంలో నిద్రపోయిన పిల్లవాడు ఇతను.

మా వైపు వేరుశనగని బుడ్డలు అంటారు. ఇంకో అబ్బాయి కాపలాకి పోయినప్పుడు రాత్రి బ్యాటరీ వేసి చూసి, "పగలు అరచెయ్యి చాపినట్ల ఉండే నాలుగాకులు రాత్రి దండం పెట్టినట్ల మూసుకున్నాయి" అని రాశాడు. చీకటి పడితే వేరుశనగ ఆకులు ముడుచుకుంటాయి, అది దాని స్వభావం. పదేళ్ళుగా ఆ చేన్ల మధ్య నుంచే బడికి వస్తున్న నేను ఎప్పుడూ చూడలేదు. ఆ రాత్రి ఇంటి పక్క చేన్లోకి ఫోను లైటుతో వెళ్ళి చూసి వచ్చాను.

ఎడమ పేజీ

ఇక్కడికి వచ్చేసరికి అసలు సమస్య బయటపడింది. పిల్లలు చూడగలరు, వినగలరు. నోటితో చెప్పమంటే బ్రహ్మాండంగా చెబుతారు. పెన్ను పట్టుకోగానే ఆ మాటలు మాయమై "మనోహరమైన" వచ్చి కూర్చుంటుంది. ఇంటి మాట నోట్సులో రాయకూడదని వాళ్ళకి ఎవరూ చెప్పకుండానే తెలుసు. మోడం పట్టింది అని నోటితో చెప్పిన పిల్ల, ఆకాశం మేఘావృతమైంది అని రాస్తుంది.

అందుకని నోట్సుని రెండు చేశాము. ఎడమ పేజీలో ఇంటి మాట, ఎట్లా వస్తే అట్లా, నేను దిద్దను. కుడి పేజీలో అదే విషయం బడి తెలుగులో. కుడి పేజీకి ఒకటే నియమం: ఎడమ పేజీలో ఉన్న వస్తువు ఒక్కటి కూడా పోకూడదు, ఎడమ పేజీలో లేనిది ఒక్కటి కూడా రాకూడదు. దీంతో కప్పలు, సెలయేళ్ళు వాటంతట అవే వెళ్ళిపోయాయి. దానికి తోడు అందమైన, మనోహరమైన, చల్లని, పచ్చని, ఈ నాలుగు మాటలకి మూడు నెలలు సెలవు ఇచ్చాము.

కొన్ని మాటలు కుడి పేజీకి మారలేదు, మార్చకూడదని కూడా తెలిసింది. "పదును" అలాంటిది. వాన పడ్డాక విత్తనం వేయడానికి తగినంత తడి నేలలో ఉంటే పదునైంది అంటారు. ఒక అమ్మాయి రాసిన ఆ మాట పక్కన నేను "తేమ?" అని రాశాను. ఆమె నోట్సు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది: "తేమ గోడకి కూడా ఉంటాది మేడం. పదును నేలకే ఉంటాది. పిడికిట్లో పట్టి ఒత్తితే ముద్ద కావాల, కింద ఏస్తే పగలాల." నేను రాసిన మాట నేనే కొట్టేశాను.

ఒక తోటి టీచరు దీన్ని గట్టిగానే వ్యతిరేకించారు. పదో తరగతిలో యాస రాస్తే మార్కులు పోతాయి, పిల్లల్ని పాడుచేస్తున్నారు అన్నారు. ఆ భయం తీసిపారేసేది కాదు. మా పిల్లలకి ఆ మార్కులే ఇంటర్ సీటు, హాస్టల్ సీటు. అందుకే కుడి పేజీ పెట్టాను, దాన్ని వారం వారం కచ్చితంగా దిద్దాను. యాస మాత్రమే రాయించి వదిలేస్తే పిల్లలకి అన్యాయం చేసినట్టే. అయితే ఎడమ పేజీ లేకుండా కుడి పేజీ మాత్రమే రాయిస్తే మిగిలేది గైడే అన్న మాట కూడా ఆయనతో చెప్పాను. ఇప్పటికీ ఒప్పుకోలేదు.

రాయలేదనుకున్న అమ్మాయి

ఒక అమ్మాయి మొదటి నుంచీ ఖాళీ పేపరు ఇచ్చేది. జానెడు నేల రోజు కూడా రెండు లైన్లే. ఎనిమిదో తరగతిలో జనవరి నుంచి మార్చి దాకా బడికి రాలేదని రిజిస్టర్లో ఉంది. సుగ్గికి పోయింది. మన కర్నూలు పడమటి మండలాల నుంచి గుంటూరు వైపు మిరపకాయల కోతకి కుటుంబాలు కుటుంబాలే పోతాయి, ఇక్కడ దాన్ని సుగ్గి అంటారు. ప్రకృతి గురించి రాయమని నేను అడిగినప్పుడల్లా ఆ పిల్ల తనకి తెలిసింది ప్రకృతి కాదు, కూలి అనుకుంది. నేనూ అడగలేదు.

సెప్టెంబర్లో స్పర్శ మీద పని పెట్టినప్పుడు అందరికీ ఒకటే ప్రశ్న ఇచ్చాను: మీ చేతులకి బాగా గుర్తున్న పని ఏది? ఆ రోజు ఆమె ఎడమ పేజీ నిండింది. కొంత ఇక్కడ పెడుతున్నాను, ఆమెని, వాళ్ళ అమ్మని అడిగే పెడుతున్నాను.

"తెల్లారి మంచుకి కాయలు తడిసి ఉంటాయి. కోసేటప్పుడు సల్లగా ఉంటాయి, మంట తెలీదు. ఎండ వచ్చినాక ఏళ్ళు మండుతాయి. గోళ్ళ సందుల్లో శానా మండుతాది. కండ్లలో నలక పడినా తుడుసుకోగూడదు. రాత్రి తమ్ముడు ఏడ్చినాడు. నా చేతులు తగిల్తే వానికి మండుతాదని మోచేతుల మీద ఎత్తుకున్నా."

క్లాసులో చదివి వినిపించమంటే తలకాయ అడ్డంగా ఊపింది. నన్ను చదవమంది. నేను చదువుతుంటే సుగ్గికి పోయి వచ్చిన ఇంకో ఐదారుగురు, "మజ్జిగలో పెట్టాల", "కాదు, నూనె రాయాల" అని మంట ఎట్లా తగ్గుతుందో గట్టిగా వాదించుకున్నారు. నా క్లాసులో అంతమంది సుగ్గి పిల్లలున్నారని నాకు అప్పటిదాకా లెక్క లేదు.

ఏం మారింది, ఏం మారలేదు

డిసెంబర్ రెండో వారంలో "చలికాలం పొద్దున" మీద చెప్పాపెట్టకుండా రాయించాను. వణికించే చలి, మంచు తెరలు అని మొదలుపెట్టినవాళ్ళు ఆరుగురు. మిగతావాళ్ళు ఎక్కడో ఒకచోట తమ ఊరి వస్తువు ఒకటైనా పెట్టారు: చలికి గట్టిపడిన కొబ్బరినూనె సీసాని ఎండలో పెట్టడం, బర్రె ముక్కులోంచి వచ్చే ఆవిరి, కళ్ళంలో ఎండబెట్టిన ఆముదం కాయలు పొద్దెక్కాక ఒక్కొక్కటే పుటుక్కుమని పగలడం.

పరీక్షల్లో "వ్యక్తీకరణ, సృజనాత్మకత" ప్రశ్నలకి మార్కులు కొద్దిగా పెరిగాయి, చెప్పుకోదగ్గంత కాదు. భాషాంశాల్లో తేడా ఏమీ లేదు. సరిగ్గా చదవడం రాని ఏడుగురికి ఈ పద్ధతి ఎడమ పేజీ దగ్గరే ఆగిపోయింది. వాళ్ళు చెబుతుంటే పక్కవాళ్ళు రాశారు. చెప్పడంలో వాళ్ళు ఎవరికీ తీసిపోరు, కానీ వాళ్ళకి విడిగా చదవడం నేర్పే సమయం నాకు దొరకలేదు. అది అట్లాగే మిగిలిపోయింది.

కళ్ళు మూసుకుని వినే పని నేను అనుకున్నంత పండలేదు. 41 మంది ఒకచోట కళ్ళు మూసుకుంటే నవ్వులే వినపడతాయి. పదిమందిని తీసుకుని గోడ అవతలికి వెళ్ళినప్పుడే కొంచెం కుదిరింది. మళ్ళీ చేస్తే దాన్ని ఇంటి పనిగా, తెల్లవారుజామున మంచం దిగకముందు చేయమని ఇస్తాను.

మిరపకాయల మంట గురించి రాసిన ఆ అమ్మాయి ఈ జనవరిలో మళ్ళీ సుగ్గికి పోయింది. సీజనల్ హాస్టల్లో ఉండమని హెచ్చెమ్ గారూ నేనూ ఇంటికి వెళ్ళి అడిగాము. తమ్ముణ్ణి చూసుకునేవాళ్ళు లేరని వాళ్ళమ్మ అంది. ఆమెతో పాటు మా క్లాసు నుంచి ఇంకో ముగ్గురు పోయారు. పోయే ముందు రోజు నలుగురికీ తలా ఒక నోట్సు ఇచ్చి, మొదటి పేజీలో నా చేత్తో ప్రశ్నలు రాసి ఇచ్చాను. వచ్చే సంక్రాంతికి మీ క్లాసు పిల్లలు కూడా పోయేవాళ్ళుంటే వీటినే రాసి ఇవ్వండి, ఇంకా మంచివి తోస్తే అవి రాయండి. లారీలో కూర్చున్నాక మన ఊరి మట్టి రంగు ఎక్కడ మారింది? గుంటూరు వైపు నల్లరేగడి తడిస్తే కాలికి ఎట్లా అంటుకుంటుంది, మన ఎర్రమట్టి ఎట్లా అంటుకుంటుంది? పచ్చికాయ వాసనకి, కల్లంలో ఎండిన కాయ వాసనకి తేడా ఏంటి? పొద్దున అందరికంటే ముందు కూసేది ఏ పిట్ట, ఇక్కడ కూసేదేనా? మంట ఎన్ని గంటలకి తగ్గింది, ఏది రాస్తే తగ్గింది?